గోమిని లెక్కలో లేని పద్దు

బాలురకు స్వయముగా నొక వృత్తిని గల్పించుకొని బ్రదుకు తెఱఁగును, లోకముతో మెలఁగు నేర్పును పాఠశాలయందే బోధింపవలయునను వాదము నేఁడు దేశమంతటను వినఁబడుచున్నది. 2019వ సంవత్సరమున ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలోఁ దొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు నిందుకై యొక ప్రత్యేక పాఠ్యక్రమము ప్రవేశపెట్టఁబడెను. 2021లోఁ బై రెండు తరగతుల విద్యార్థులు జట్లుగాఁ జేరి వ్యాపారము నడుపుటకై తలకు 2000 రూపాయల వఱకు మూలధన మొసఁగఁబడెను. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల బాలురు పదిదినములు పుస్తకముల సంచి లేకయే వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి యొద్ద నభ్యసింపవలయునని 2020 నాఁటి జాతీయవిద్యావిధానము నిర్దేశించినది. దీనిని విద్యాధికారులు పరదేశమునుండి వచ్చిన క్రొత్తవిద్యగాఁ దలంచుచున్నారు. తెలుఁగు పండితులు తమకుఁ జెందని విషయమని యుపేక్షించుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఈ విద్య మన కథలలోఁ జిరకాలమునుండి యున్నది. అయితే అందలి యొక లోపమును గుర్తింపక బోధించినచో మేలుకంటెఁ గీడే యెక్కువ కాఁగలదు. నెల్లూరిసీమకుఁ జెందిన యొక కావ్యకథను, ఆంధ్రదేశ సంప్రదాయముతో సంబంధము గల మఱియొక కథను గైకొని, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతముల బాలురను దృష్టియం దుంచుకొని, ఈ విషయమును విచారించుట యుక్తము.

మొదట పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ప్రపంచారోగ్యసంస్థ 1990 తరువాతి దశకమునఁ బది జీవననైపుణ్యములను బేర్కొనెను. తన్నుఁ దానెఱుఁగుట, పరుల బాధ నెఱుఁగుట, విమర్శించి యోచించుట, క్రొత్తగా నూహించుట, నిర్ణయించుట, చిక్కు విప్పుట, తెలియునట్లు మాటాడుట, పరులతోఁ గలసి మెలఁగుట, ఉద్వేగమును జక్కఁబెట్టుకొనుట, మనస్సుపైఁ బడు భారము నోర్చుట యనునవి యవి. వీనినన్నిటిని గలిపి మన పెద్దలు లోకజ్ఞత యనిరి. దానికి ధనార్జనము తోడైనపుడు వ్యవహారజ్ఞాన మనిరి. పేరు క్రొత్తదైనను వస్తువు ప్రాఁతదే.

అయినను మన బడులలోఁ జిరకాలముగాఁ జెప్పఁబడుచున్న నీతిగ్రంథములు ఈ విద్య నంతయు నేర్పుచున్నవా? సుమతిశతకము బాలునకు నోటఁబట్టింపఁబడిన మొదటి గ్రంథములలో నొకటి. అందలి వివేకము మిక్కిలి ప్రశస్తమైనదే. కాని యది ప్రధానముగా జాగరూకతయొక్క వివేకము. ఎవనిని నమ్మరాదు, ఎచట నుండరాదు, ఏ కొలువు కీడు, ఏ మాట చేటు అను నిషేధములే యందు మెండు. చిన్నయసూరి 1853లోఁ బ్రకటించిన నీతిచంద్రిక మిత్రలాభమిత్రభేదములను జెప్పి, చెలిమివలనఁ గలుగు బలమును, చాడీవలనఁ గలుగు నాశమును జూపినది. ఇవి యన్నియు నున్నదానిని గాపాడుకొను విధమును నేర్పును. లేనిదానిని బుట్టించుకొను విధమును జెప్పు ఘట్టములు వీనియం దరుదు. ఇఁక వాణిజ్యమును గూర్చి విశేషముగాఁ జెప్పిన కావ్యము ఆముక్తమాల్యద. 1514వ సంవత్సరమున ఉదయగిరి దుర్గమును గజపతివలన గెలుచుకొని, అచటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకుఁ గొనిపోయిన కృష్ణదేవరాయలే తన కావ్యమున రేవుల నభివృద్ధిచేసి వర్తకుల నాదరింపవలయునని యుపదేశించెను. కాని యది రాజునకుఁ జెప్పిన నీతి. కొండక్రింది గుడిసెలోని బాలునకుఁ జెప్పినది కాదు.

అట్టి బాలునకుఁ బనికివచ్చు కథ కేతన దశకుమారచరిత్రమునఁ గలదు. పదుమూఁడవ శతాబ్దివాఁడగు కేతన దండి సంస్కృతగద్యమును దెలుఁగు పద్యకావ్యముగా రచించి, నెల్లూర మనుమసిద్ధి కొలువున నున్న తిక్కన కంకితము చేసి, అభినవదండి యను పేరు వడసెను. అందు మిత్రగుప్తుఁడు బ్రహ్మరాక్షసుని నాలుగు ప్రశ్నలకుఁ జెప్పిన నాలుగు కథలలో గోమిని కథ యొకటి. కాంచీపురమున శక్తికుమారుఁ డను వైశ్యుఁడు, కోట్లకుఁ బడగ లెత్తినవాఁడు, తగిన భార్యను వెదకుటకై జ్యోతిష్కుని వేషము దాల్చి, ప్రస్థపరిమితమైన వడ్లను గొంగున మూటఁగట్టుకొని యూరూర దిరుగును. ఈ వడ్లతోనే నాకు సంపూర్ణమైన భోజనము పెట్టఁగలవా యని కన్యల నడుగును. నవ్వినవారు, గెంటినవారు పలువురు. తుదకుఁ గావేరి దక్షిణతీరమున, కలిమి చెడిన యొక యింటి కన్య, గోమిని, సరే యనును.

ఆమె చేసినపనిని దండి చెప్పిన వరుసలోఁ జూడవలయును. వడ్లను గొంచెము గొంచెముగా నెండఁబెట్టి త్రిప్పి, గట్టి సమతలముపైఁ బోసి, పొట్టు చెడకుండ మెల్లఁగా నులిమి బియ్యమును వేఱుచేయును. ఆ పొట్టును దాదిచేతి కిచ్చి, నగలకు మెఱుఁగు పెట్టు కంసాలులు దీనిని గొందురు. వచ్చిన కాసులతో మిక్కిలి పచ్చివియు మిక్కిలి యెండినవియుఁ గాని కట్టెలను, ఒక చిన్నకుండను, రెండు మూకుళ్ళను దెమ్మనును. బియ్యము దంచి, చెఱిగి, కడిగి, యైదింతల నీటఁ బోసి వండి, గంజి వార్చును. కాలగా మిగిలిన కట్టెల నీటితో నార్పి, బొగ్గులుగాఁ జేసి, కావలసినవారి కమ్మించి, ఆ సొమ్ముతోఁ గూర, నేయి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు తెప్పించును. అతిథికి నూనెయు నుసిరికయు నిచ్చి స్నానము చేయించి, అరఁటియాకున మొదట గంజి, పిదప నేతితో నన్నము, వ్యంజనము, తుదిఁ బెరుగును మజ్జిగయు వడ్డించును. ఉచ్ఛిష్టము తీసివేసి, నేల యలికి ముగించును. శక్తికుమారుఁ డామెను బెండ్లాడును.

ఈ కథను బండితులు సాధారణముగా గృహిణీధర్మమను శీర్షికక్రింద బోధించి విడుచుచున్నారు. కాని యిందు ముఖ్యమైనది వంట కాదు, లెక్క. మూలధనము ప్రస్థము వడ్లు. దానినుండి ముఖ్యమైన సరకు చెడకుండఁగనే రెండు మాఱులు అమ్మకము జరిగినది. మొదటిమాఱు పొట్టు, రెండవమాఱు బొగ్గు. పరులు పాఱవైచు వస్తువునకుఁ గొనువాఁడెవఁడో ముందుగా నెఱిఁగియుండుట, ఆ యెఱుకకుఁ దగినట్లు పని చేయు విధమును మార్చుకొనుట యిందలి ప్రతిభ. పొట్టు నలుగకుండ నులుముటకుఁ గారణము కంసాలి కది నలుగనిదిగాఁ గావలసియుండుటయే. కట్టె మఱీ యెండినదైనచో బూదియే మిగులును గాని బొగ్గు మిగులదు. కావున మొదటి కొనుగోలునందే రెండవ యమ్మకము దాఁగియున్నది. ఇందు కవికల్పన మాత్రమే కాక వస్తుజ్ఞానమును గలదు. వడ్ల పొట్టునందు ఇసుకయందలి సిలికాయే విశేషముగా నుండుటచేత నది లోహమును మెఱుఁగుపెట్టఁజాలును. దండికాలపుఁ గంసాలి దానిని రసాయనశాస్త్రమువలనఁ గాక చేతి యనుభవమువలన నెఱిఁగెను.

ఆత్మకూరు ప్రాంతము సోమశిల జలాశయమునకు సమీపముననున్నది. పెన్నయొడ్డున వరి పండించు నెల్లూరిసీమ మొలగొలుకులకుఁ బేరుపొందినది. అచటి పిల్లవాఁడు వడ్లను దినదినము చూచుచున్నాఁడు. వడ్ల తూకమున సుమారయిదవవంతు పొట్టే. నూఱు కిలోల వడ్లకు ఇరువది కిలోల పొట్టనుట. ఈ కథను జెప్పిన పండితుఁడు ఆ పొట్టును నేఁడెవరు కొందురు, ఇటుక బట్టీవాఁడేమి యిచ్చును, తవుడెందుకు వాడుదురు అని యడిగి, మఱునాఁడు విచారించి రమ్మనినచో సాహిత్యపాఠమును గణితపాఠమును లోకజ్ఞతాపాఠమును నొక్కటియే యగును. ఇందుకుఁ బ్రత్యేక పాఠ్యపుస్తక మక్కఱలేదు.

రెండవ కథ మూషకశ్రేష్ఠిది. కాశ్మీరమున సోమదేవుఁడు పదునొకండవ శతాబ్దిని రచించిన కథాసరిత్సాగరమున నిది కలదు. ఆ గ్రంథమునకు మూలమైన బృహత్కథను గుణాఢ్యుఁడు సాతవాహనుని కాలమున రచించెనని ప్రసిద్ధి యగుటచే నిది యాంధ్రుల కన్యము కాదు. గర్భమందుండఁగనే తండ్రిని గోలుపోయి, దాయాదులచే నాస్తి హరింపఁబడిన యొక బాలునకుఁ దల్లి యుపాధ్యాయుని వేఁడుకొని వ్రాఁతయు లెక్కయు నేర్పించును. పిదప విశాఖిలుఁ డను ధనికుఁడు పేదవైశ్యులకు మూలధన మిచ్చునని చెప్పి పంపును. బాలుఁడు వెళ్ళునప్పటికి విశాఖిలుఁడు, ఇచ్చిన దీనారములను బోఁగొట్టిన యొకనిని గసరుచు, సమర్థుఁడు నేలఁబడియున్న యీ చచ్చిన యెలుకను సైతము మూలధనముగాఁ జేసికొనఁగలఁ డనును. బాలుఁ డాయెలుకనే పత్రము వ్రాసి యిచ్చి యప్పుగాఁ గైకొని, పిల్లిని బెంచు వర్తకునికి రెండు దోసిళ్ళ సెనగల కమ్మును. ఆ సెనగలు విసరి, కడవెఁడు చల్లని నీటితో నూరివెలుపలి కూడలి నీడలో నిలిచి, కట్టెలమోపులతో వచ్చువారికి వినయముతో నిచ్చును. వారు తలకు రెండేసి కట్టెలిత్తురు. ఇట్లు కొంత కూడఁబెట్టి, మూఁడు దినముల కట్టెల నన్నిటిని దానే కొనును. అంతలోఁ బెద్దవాన కురిసి కట్టెలకుఁ గఱవు రాఁగా, నన్నిటిని వందలకొలఁది పణముల కమ్మును. అంగడి పెట్టి శ్రీమంతుఁడై, బంగారు ఎలుకను జేయించి విశాఖిలునకు ఋణము తీర్చును.

నేఁటి పాఠశాలలు రెండువేల రూపాయలిచ్చి చేయఁగోరునది యీ కథయందు చచ్చిన యెలుకతోఁ జేయఁబడినది. ఇందు మూఁడు సంగతులు గమనింపఁదగినవి. మూలధనమునకు ముందు వ్రాఁతయు లెక్కయు వచ్చినవి. తల్లి యాస్తి నీయలేక చదువు నిచ్చినది. వ్యాపారమునకు ముందు చల్లని నీరును వినయమును వచ్చినవి. తుదకు ఋణము స్వచ్ఛమైన మనస్సుతోఁ దీర్పఁబడినది. చదువు వేఱు, వ్యాపారము వేఱు అను వాదమును ఈ కథ మొదటనే ఖండించుచున్నది.

ఈ రెండు కథలను సరిపోల్చినచో గోమిని విధము పొదుపు, శ్రేష్ఠి విధము పెంపు. గోమిని యొక పూఁటతోఁ బని ముగించినది. శ్రేష్ఠి యొక దినపు లాభమును మఱునాఁటి మూలధనముగాఁ జేసెను. బాలునకు రెండును గావలయును. కాని రెండు కథలయందును నొక లోప మున్నది. ఇంతవఱకు దీనిపైఁ దగినంత దృష్టి పడలేదు. గోమిని లెక్కలోఁ బొట్టునకు ధర యున్నది, బొగ్గునకు ధర యున్నది. వడ్లెండఁబెట్టి, యులిమి, దంచి, చెఱిగి, వండి, వడ్డించిన గోమిని చేతులకు ధర లేదు. ఎండలోఁ గంసాలియింటికిని కట్టెల యంగడికిని మరల మరలఁ దిరిగిన దాదికిని పద్దు లేదు. అట్లే శ్రేష్ఠి లెక్కలో వానవలన వచ్చిన పణము లన్నియు శ్రేష్ఠివే; అడవినుండి మోపులు మోసిన వారికి ఆ పెరిగిన ధరలో భాగము లేదు. నీడలో నిచ్చిన నీటికి రెండు కట్టెలు న్యాయమైన మాఱకమే. కాని మూఁడు దినముల కట్టెను గట్టిపెట్టి, కఱవున నమ్ముటను నేర్పుగా మాత్రమే బోధించుట న్యాయము కాదు.

పూర్వకవుల కథలయందు నేఁటి కూలిలెక్కలను వెదకుట తగదని యొక యాక్షేపము రావచ్చును. కవిని నిందించుటయైనచో నా యాక్షేపము సరియే. దండికిఁ గాని, కేతనకుఁ గాని, సోమదేవునికిఁ గాని యిది దోషము కాదు. గోమిని కథ గృహస్థునకు సుఖమేది యను ప్రశ్నకుఁ బ్రత్యుత్తరముగాఁ జెప్పఁబడినది. ఉత్తరము భార్యయొక్క గుణములు. కావుననే కథ పెండ్లితో నాగక, భర్త వేశ్యను దెచ్చినను గోమిని యామెను జెలికత్తెగాఁ జూచి, పరిజనులను దయతో వశపఱచుకొని, తుదకు గృహభారమంతయు వహించెనని ముగియును. ప్రశ్న గృహస్థునిది, కావున లాభమును గృహస్థునిదే. కాని యదే కథను నేఁడు బాలికలున్న తరగతిలోఁ జెప్పునపుడు ప్రశ్న మాఱుచున్నది. ఈ నేర్పు గోమినికిఁ దనకొఱ కేమి తెచ్చినది యని యొక బాలిక యడిగినచో పండితునియొద్ద సమాధాన ముండవలయును. అట్టి ప్రశ్నను బుట్టింపఁజాలుటయే యీ కథకు నేఁటి ప్రయోజనము. జీవననైపుణ్యములలో మొదటిదగు తన్నుఁ దానెఱుఁగుట యచటనే మొదలగును.

కేతన కావ్యమే మఱియొక హెచ్చరికను జేయుచున్నది. బ్రహ్మరాక్షసుని కడపటి ప్రశ్న, దుష్కరమును సాధించు నుపాయ మేది యనునది, ఉత్తరము ప్రజ్ఞ. దానికిఁ జెప్పిన నితంబవతి కథలో నొక ధూర్తుఁడు వర్తకునిభార్యను గోరి, శ్మశానపుఁగావలివాఁడై, యామె యందియ నపహరించి, తొడపై గాయము చేసి, శాకిని యని నింద మోపి వెళ్ళఁగొట్టించి, తుద కామెను దనదానిగాఁ జేసికొనును. ఇందు యోచనయు, ఉపాయమును, మాటనేర్పును, నిర్ణయమును లేకపోలేదు. జీవననైపుణ్యముల పట్టికలోఁ బలువాని కీ ధూర్తుఁడు పూర్ణమైన గుణము లందుకొనఁగలఁడు; పరుల బాధ నెఱుఁగుట యొక్కటియే వానికి లేదు. ఒక్క కావ్యమునందే, ఒక్క కథకుని నోటనే, గోమిని ప్రజ్ఞయు ధూర్తుని ప్రజ్ఞయుఁ బ్రక్కప్రక్కఁ జెప్పఁబడుట పండితులకు మంచి సాధనము. నేర్పును ధర్మమునుండి విడఁదీసి బోధించినచో నేమగునో చూపుట కంతకంటె నుదాహరణము వలదు.

ఈ విచారము ఉదయగిరికి నేల ముఖ్యమైనది? దుర్గపుఁ గొండల నానుకొని యున్న ఆ యూర నర్ది, బిక్కి మున్నగు కట్టెలతోఁ జెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చెక్కు హస్తకళ ప్రసిద్ధమైనది. 1999 నాఁటి భౌగోళికసూచికల చట్టము ననుసరించి యా పేరు నమోదైనది. పనివారిలో స్త్రీలు పలువురు గలరు. 2022 జూలై 1వ తేదినుండి యొక్కమాఱు వాడి పాఱవైచు ప్లాస్టిక్ చెంచాలు దేశమున నిషేధింపఁబడుటచేఁ గొయ్య చెంచాకు గిరాకి కలుగఁదగిన కాలము వచ్చినది. అయినను ఆ తావును యంత్రముతోఁ గోసిన పలుచని కొయ్యచెంచాయు నాక్రమింపఁగలదు. అది యొక పూఁటది; ఉదయగిరి చెంచా కడిగి మరల వాడఁదగినది. రెంటిని నొకే ధరతోఁ దూఁచినచోఁ జేతిపని యోడును. అచటి బాలునకు నేర్పవలసిన వ్యాపారవిద్య యీ భేదమును గొనువానికిఁ దెలియఁజెప్పు విద్య. అది వట్టి మాటనేర్పు కాదు. సరకునందలి సత్యమును జెప్పుట.

ఆ బాలుఁడు వేయవలసిన పద్దులు నాలుగు. కట్టె వెల మొదటిది. కట్టె యడవినుండి వచ్చునది గావున నాటిన మొక్కయు నందుఁ జేరవలయును. పనిముట్ల యరుగుదల రెండవది. సంతకుఁ జేర్చు ఖర్చును మధ్యవర్తి వంతును మూఁడవది. తల్లి చేతిపని నాలుగవది. ఈ కడపటి పద్దును వ్రాయక, అమ్మినధరనుండి కట్టెవెలను దీసివేసి మిగిలినదంతయు లాభమనుకొను బాలుఁడు లెక్క నేర్చినవాఁడు కాఁడు. తల్లి కూలిని లాభమని పేరుమార్చినవాఁడు. గోమిని లెక్కలో లేని పద్దు ఇదియే.

పాఠశాలకును నిదియే హెచ్చరిక. 1937లో వార్ధాయందు గాంధీ మహాత్ముఁడు చేతిపనిని విద్యకుఁ గేంద్రముగాఁ జేయఁదలఁచినపుడు, బాలురు చేసిన వస్తువుల యమ్మకముతోనే పాఠశాల నడువవలయునను భాగముపై నాక్షేపము బలముగా వచ్చెను. బడి కర్మాగార మగునని విమర్శకులు భయపడిరి. ఆ భయము నేఁటికిని నిరాధారము కాదు. 2016లో సవరింపఁబడిన బాలకార్మిక నిషేధచట్టము పదునాలుగేండ్లలోపు పిల్లవాఁడు బడివేళలు ముగిసిన పిదపఁ దన కుటుంబపుఁ బనిలోఁ దోడ్పడుటకు నవకాశ మిచ్చుచున్నది. నేర్చుకొనుటకును బనిచేయించుకొనఁబడుటకును నడుమనున్న గీటు చెంచా చెక్కు నింటిలో మిక్కిలి సన్నము. బాలుఁడు పది చెంచాలు చెక్కి రెండింటి లెక్క వ్రాసినచో నది విద్య. నూఱు చెక్కి లెక్కయే వ్రాయకున్నచో నది కూలి. ఆ గీటును గాపాడువాఁడు బడిపండితుఁడు.

కావున నీ విద్యకై క్రొత్తపుస్తకములు వచ్చు వఱకుఁ బండితులు వేచియుండ నక్కఱలేదు. దశకుమారచరిత్రమును నీతిచంద్రికను జెప్పుచున్న తరగతియందే యిది సాగఁగలదు. కథను రసముతోఁ జెప్పుట, అందలి లెక్కను విప్పుట, తమ యూరి వస్తువుతో సరిపోల్చుట, లెక్కలోఁ జేరని మనిషి యెవరని యడుగుట యనునవి దానికి వలసిన మెట్లు. మొదటి మూఁడు మెట్లును నేఁటి పాఠ్యక్రమములును జెప్పఁగలవు. నాలుగవది సాహిత్యమున మునిఁగినవాఁడు మాత్రమే చెప్పఁగలఁడు. కథలో మాటాడక కదలిపోయిన దాదిని, మోపు దించి నీరు త్రాగిపోయిన కట్టెలవానిని గుర్తుంచుకొనువాఁడు వాఁడే గదా! దుర్గము నీడలోఁ జెంచా చెక్కు తల్లి బిడ్డ బడినుండి తిరిగివచ్చి, అమ్మా, నీ పని కెంత వ్రాయవలయునని యడిగిననాఁడు, ఏడువందల యేండ్లకుఁ బైగాఁ జదువఁబడుచున్న గోమిని కథకుఁ దగిన వ్యాఖ్యానము లభించినట్లగును.